దొంగజత

మా అక్క ఇల్లు చేరేది ఇంటి రంగుని పట్టుకుని. ఈ సంగతి ఆమెకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలియకూడదని ఆమె షరతు.

మా వీధి ఊరి నడిబొడ్డున ఉంది. పదకొండు భవనాలు భుజాలు రాసుకుంటూ ఒకే వరసలో నిలబడి ఉంటాయి. అన్నీ మూడంతస్తులు. అన్నిటికీ ఒకే కొలత కిటికీలు, గోడలోకి మూరెడు లోతున ఒదిగిన ఒకే రకం తలుపులు. మాది ఏడోది. కింద ఆడిటరు ఆఫీసు, పై రెండంతస్తులూ మావి. నాన్న బస్సు డిపోలో పనిచేసేవాడు. అప్పట్లో బస్సులన్నీ సిరా లాంటి ముదురు నీలంలో ఉండేవి. ఆ రంగు తప్ప లోకంలో ఇంకో రంగు ఎండకి నిలవదని ఆయన నమ్మకం. ఇల్లు కొన్న ఏడాదే ముందు గోడ మొత్తానికీ అదే వేయించాడు. చుట్టుపక్కలవన్నీ మీగడ రంగు, బిస్కెట్ రంగు, ఇసుక రంగు. దాంతో మా ఇంటికి ‘డిపో’ అని పేరు పడిపోయింది. బడిలో నన్ను డిపోగాడు అనేవాళ్ళు. ఇప్పటికీ ఆడిటరు ఫోన్లో ఎవరికైనా దారి చెప్పాలంటే “డిపో కిందండీ” అనే చెబుతాడు.

అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్ళు, అక్కకి పదహారు. కొన్నాళ్ళకి నాన్నా పోయాడు. ఆమె టైపు నేర్చుకుని కోర్టులో చేరి ముప్ఫై నాలుగేళ్ళు చేసింది. నన్ను చదివించింది. నేను రంగుల ఫ్యాక్టరీలో చేరాను. ఇద్దరమూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. దానికి పెద్ద కథేమీ లేదు. వాయిదా పడుతూ వచ్చింది, ఆ తర్వాత గుర్తుచేసేవాళ్ళు లేకుండా పోయారు.

మూడేళ్ళ కిందట అక్క కళ్ళలో నడిమి భాగం దెబ్బతింది. డాక్టరు కాగితం మీద ఒక గుండ్రం గీసి, మధ్యలో పెన్సిలుతో నల్లగా రుద్ది, “ఇంతవరకు పోయింది, అంచులు ఉంటాయి” అన్నాడు. ఆ నల్లదాన్ని అక్క ‘మరక’ అంటుంది. మనిషి మొహం చూడాలంటే మొహం మీద చూపు పెట్టకూడదు. చెవి పక్కకో, భుజం పైకో చూడాలి. అప్పుడు అంచులో ఏదో కదులుతుంది. మొహాలు, అక్షరాలు, తలుపు మీద నంబర్లు అన్నీ మరక తినేసింది.

అయినా ఆమె నడక మానలేదు. రోజూ ఏడున్నరకి చెప్పులు వేసుకుని వీధి చివర మూలమీద ఉన్న టీ కొట్టుకి వెళుతుంది. అక్కడ బల్ల మీద కూర్చుని ఒక టీ తాగుతుంది, కోర్టులో తనతో పనిచేసిన బంట్రోతు వస్తే అరగంట పాతవాళ్ళందరినీ తూర్పారబడుతుంది, ఒక రొట్టె కొనుక్కుని ఎనిమిదిన్నరకి తిరిగొస్తుంది. మొదట్లో నేను వెంట వస్తానన్నాను.

“ఎందుకురా, నేను తప్పిపోతే నష్టపోయేది ఊరు,” అంది. తర్వాత నవ్వు మానేసి చెప్పింది. “పిన్నిని చూశావుగా. చూపు పోయాక చెయ్యి పట్టుకుని తిప్పారు. ఆ రోజు నుంచి దుకాణంలో కూడా ఆవిణ్ణి అడగడం మానేశారు. ఆవిడకి ఏం కావాలండీ అని పక్కవాళ్ళని అడిగేవాళ్ళు. ఆవిడ అక్కడే నిలబడి ఉండేది. నాకు ఆ రోజు రాకూడదు. నా కళ్ళ సంగతి ఎక్కడా అనకు. రాయకు. మూల దగ్గర నిలబడితే మన డిపో కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని వచ్చేస్తా.”

ఎలా కనిపిస్తుందని నేను అడగలేదు. నా జీవితంలో అడగవలసిన ప్రశ్న ఒక్కటే ఉంటే అది అదే.

కిందటేడు పురపాలక ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మా వీధి మొత్తాన్నీ ఒకే తీరుగా ఉంచాలని తీర్మానమైందట. ఏడాదిలోగా ముందు గోడల రంగులు ఆమోదం పొందిన జాబితాలోకి రావాలి. ఏ రంగైనా డిజైన్ పరిశీలన కమిటీ చూసి ఒప్పుకోవాలి. ఒప్పుకున్న రంగు వేశాక ఏడేళ్ళ దాకా మార్చకూడదు. జాబితాలో ఇరవై నాలుగు రంగులు. గవ్వ, పాత కాగితం, తడి ఇసుక, వానమబ్బు, ఇలా పేర్లు. ఒక్కొక్కదాని కింద ఒక అంకె. ఆ అంకె ఏమిటో వేరేవాళ్ళకి తెలియకపోవచ్చు, నాకు తెలుసు. రంగు తన మీద పడ్డ వెలుగులో ఎంత తిరిగి ఇస్తుందో చెప్పే అంకె అది. నలుపుకి సున్నా, తెలుపుకి నూరు. అరవైకి తగ్గకూడదని నియమం. మా నీలం తొమ్మిది.

పాత రంగే ఉంచుకుంటామని దరఖాస్తు పెట్టాను. ముందు గోడ బొమ్మ, రంగు నమూనా, అటూ ఇటూ రెండేసి భవనాల ఫోటోలు జతచేశాను. దరఖాస్తులో చివరి గడి ‘ప్రత్యేక కారణం ఏదైనా ఉంటే’. ఆ గడి ముందు రెండు రోజులు కూర్చున్నాను. చివరికి ‘తండ్రిగారి జ్ఞాపకం’ అని రాశాను. అబద్ధం కాదు. అయినా రాస్తుంటే ఎవరి సొమ్మో వాడుకుంటున్నట్టు అనిపించింది.

కమిటీ రెండో అంతస్తులో, కిటికీలు లేని ఒక గదిలో కూర్చుంది. పైన ఆరు ట్యూబులైట్లు. అధ్యక్షురాలు రిటైరైన ఆర్కిటెక్టు, పొట్టి జుట్టు, చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు. పక్కన ఒక హోటలు యజమాని, ఇంకో ఇద్దరు, రాసుకునే గుమాస్తా. నా ముందు ఒక కేకుల దుకాణం బోర్డు వంతు వచ్చింది. అక్షరాలు వంకరగా ఉండాలా నిటారుగా ఉండాలా అని నలభై నిమిషాలు కొట్టుకున్నారు. నా వంతు నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఎవరూ కసురుకోలేదు. అదే నాకు కష్టమైంది. అధ్యక్షురాలు మా ఇంటి ఫోటోని చాలాసేపు చూసింది. తను ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు మా ఇంటి గుర్తుతోనే దారులు నేర్చుకున్నానని కూడా చెప్పింది. తర్వాత స్కేలు బల్ల మీద పెట్టింది.

“జ్ఞాపకం ఒక్కటే అయితే మేం చేయగలిగింది లేదండీ. ఇంకేమైనా కారణం ఉందా? ఉంటే చెప్పండి, రాసుకుంటాం.”

ఆమె నిజంగానే అడిగింది. గుమాస్తా పెన్ను ఎత్తి పట్టుకున్నాడు. మా అక్కకి చూపు లేదండీ, ఆ రంగు చూసుకుని ఇల్లు చేరుతుందండీ. అంతే, పది మాటలు కూడా లేవు. అవి నాలిక మీదకి వచ్చాయి. వాటి వెనకే ఇంకొకటి వచ్చింది. గుమాస్తా పెన్ను కింద అక్క ఒక వాక్యంగా మారడం కనిపించింది. ఆ వాక్యాన్ని హోటలు యజమాని చదువుతాడు. మూలమీది టీ కొట్టువాడికి చెబుతాడు. రేపు పొద్దున వాడు అక్కని అడగకుండా బంట్రోతుని అడుగుతాడు, అమ్మగారికి చక్కెర ఎంత వేయమంటారని.

“లేదండీ,” అన్నాను.

ఆ ఒక్క మాటని తర్వాత ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో. అక్కకిచ్చిన మాట నిలబెట్టుకున్నానని ఒక పక్కన తృప్తి ఉంది. ఇంకో పక్కన, దాని అడుగున, వేరేదేదో ఉంది. గదిలోంచి మెట్లు దిగుతుండగానే అది మొలకెత్తింది. ఆ ఆరు ట్యూబులైట్లు నా కళ్ళలో ఇంకా వెలుగుతున్నాయి. కిటికీలు లేని గదిలో రంగులు చూస్తున్నారే వీళ్ళు అనుకున్నాను. అనుకోగానే నాకు ఉత్సాహం వచ్చింది. అరవై రెండేళ్ళ మనిషికి రాకూడనంత.

ఫ్యాక్టరీలో నేను ముప్ఫై ఏళ్ళు రంగులు జత చేశాను. ఎవరో ఒక ముక్క తెస్తారు, కుర్చీ కాలో, బస్సు తలుపో. దానికి సరిపోయే రంగు కలిపి ఇవ్వాలి. మా గదిలో ఒక తెల్ల పెట్టె ఉండేది. దానిలో మూడు రకాల దీపాలు. రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి ట్యూబులైటు వేస్తే కవలల్లా ఉంటాయి. అది ఆపి పగటి వెలుగు దీపం వేస్తే ఒకదానికొకటి ఏమీ కావు. వేరే వేరే పొడులతో ఒకే రంగు తెప్పించబోతే ఇలా జరుగుతుంది. దీన్ని మేం దొంగజత అనేవాళ్ళం. నాకు పని నేర్పిన పెద్దాయన అనేవాడు, దీపం మార్చి చూడకుండా సంతకం పెట్టిన చేతిని విరగ్గొడతానని. నా చేయి విరగలేదు. ముప్ఫై ఏళ్ళలో నా గదిలోంచి ఒక్క దొంగజత బయటికి పోలేదు. ఇప్పుడు ఒకదాన్ని కావాలని చేయాలి.

కమిటీ పద్ధతి నాకు తెలుసు. జాబితాలోని రంగుకి జతగా మనం ఒక అట్టముక్క మీద రంగు పూసి తీసుకెళ్ళాలి. బల్ల మీద ట్యూబులైటు కింద రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. సరిపోతే మన అట్టముక్క వెనక అధ్యక్షురాలు సంతకం చేస్తుంది. ఇక అక్కడినుంచి ఆ అట్టే సాక్ష్యం. గోడకి రంగు వేశాక గుమాస్తా వచ్చి ఆ అట్టని గోడకి ఆనించి చూసి ఆమోదం రాస్తాడు. అంటే జాబితా రంగు ఎండలోకి రాదు. నా గోడ నా అట్టతోనే సరిపోల్చబడుతుంది. రెండూ ఒకే డబ్బాలోవి.

నలభై రోజులు పట్టింది. ఇంట్లో వెనక గదిలో తెల్ల అట్టపెట్టె కట్టుకున్నాను, ట్యూబులైటు బిగించుకున్నాను. ఎంచుకున్న రంగు వానమబ్బు. లేత బూడిద, అంకె అరవై రెండు. ట్యూబులైటు కింద ఆ బూడిద, ఎండలోకి వస్తే నీలం. ఇది కుదరాలి. ముప్ఫై ఆరో ముక్క కుదిరింది. పెట్టెలో వానమబ్బు పక్కన పెడితే నా కన్నే మోసపోయింది. కిటికీ దగ్గరికి తీసుకెళితే లేత నీలం విచ్చుకుంది. నాకు కళ్ళు చెమర్చాయి. అక్క కోసమేనా? అప్పుడు అవుననే అనుకున్నాను. ఇప్పుడు ఆ క్షణాన్ని వేరే దీపం కింద పెట్టి చూస్తే అక్క అందులో ఎక్కడా కనిపించదు. అక్కడ నేనూ, నా ముక్కా, నన్ను గెలవలేని ఒక కమిటీ మాత్రమే ఉన్నాం.

అక్కకి చెప్పాను. పది మీగడ గోడల మధ్య మన ఇల్లు ఒక్కటే నీలంగా ఉంటుందని, ఎవరికీ అనుమానం రాదని. ఆమె పక్కకి చూస్తూ, అంటే నన్నే చూస్తూ వింది.

“ఇన్నాళ్ళూ నీతిమంతుడివనుకుని పెంచాను,” అంది. “ఎంత లేత నీలంరా?”

“చాలు. నీకు తెలుస్తుంది,” అన్నాను.

నేను రంగుల మనిషిని. రంగుల విషయంలో నా మాట ఆమె ఎప్పుడూ కాదనలేదు.

కమిటీలో రెండు నిమిషాలు పట్టింది. అధ్యక్షురాలు నా అట్టని, జాబితాలోని వానమబ్బుని స్కేలు అంచుతో జరిపి దగ్గర చేసింది. రెండిటి మధ్యా గీత కనిపించలేదు. “ఇంత నిఖార్సుగా కలిపినవాణ్ణి ఈ గదిలో చూడలేదండీ,” అంటూ వెనక సంతకం పెట్టింది. హోటలు యజమాని తన హోటలుకి కూడా కలిపిపెట్టమన్నాడు. నేను తల వంచుకుని వచ్చేశాను. తల వంచుకున్నది సిగ్గుతో కాదు, నవ్వు దాచుకోవడానికి.

పరంజా కట్టారు. దుమ్ము పడకుండా దాని మీద ముదురాకుపచ్చ వల కప్పారు. ఆ మూడు వారాలూ అక్క ఎప్పటిలాగే వెళ్ళింది, వచ్చింది. మూల దగ్గర ఆగి, మొహం ఒక పక్కకి తిప్పి, ఇటు చూసి, నేరుగా నడిచొచ్చేది. పనివాళ్ళ చప్పుడు పట్టుకుని వస్తోంది కాబోలు అనుకున్నాను. నా కళ్ళ ముందు మూడు వారాలు వేలాడిన జవాబది. నేను పైనుంచి చూసి కూడా చూడలేదు.

రంగు మేస్త్రీ మాత్రం మొదటి రోజే పట్టేశాడు. డబ్బాని ఆడిటరు ఆఫీసులో ట్యూబులైటు కింద విప్పి, బయటికి తెచ్చి గోడకి రెండు చారలు లాగి, బ్రష్ పట్టుకుని తల గోక్కున్నాడు.

“సార్, లోపలేమో బూడిద. గోడ మీదేమో ఆకాశం. ఇదేం మాయండీ?”

“ఎండ మాయ,” అన్నాను.

“నాకెందుకులెండి. నేను గోడకి చెప్పను, గోడ నాకు చెప్పదు,” అని పని మొదలుపెట్టాడు.

గుమాస్తా పొద్దున పదకొండింటికి వచ్చాడు. మేస్త్రీ వల ఎత్తి పట్టుకుంటే ఎండ గోడ మీద నిటారుగా పడింది. అట్టని మూడు చోట్ల ఆనించి చూశాడు. అచ్చు గుద్దినట్టు ఉందని మెచ్చుకున్నాడు. కాగితం మీద తేదీ వేసి, దాని కింద ఏడేళ్ళ తర్వాతి తేదీ కూడా వేశాడు. ఆ సాయంత్రం వల తీసేశారు.

మర్నాడు ఎనిమిదిన్నరకి నేను మూడో అంతస్తు కిటికీ దగ్గర కూర్చున్నాను. అంతకుముందే వీధి చివరిదాకా వెళ్ళి చూసొచ్చాను. పది మీగడ గోడల మధ్య మా ఇల్లు లేత నీలంగా, కొత్తగా, నా కళ్ళకి కేకవేసినట్టు ఉంది. అక్క టీ కొట్టు వైపు నుంచి వచ్చి మూల దగ్గర ఆగింది. రొట్టె సంచి ఎడమచేతిలో ఉంది. మొహం కుడికి తిప్పింది. ఎడమకి తిప్పింది. మళ్ళీ కుడికి. ఎవరో ఆమెని తప్పుకుని వెళ్ళారు. ఆమె కదల్లేదు. ఎంతసేపో. తర్వాత మెల్లగా మొదటి భవనం దగ్గరికి వచ్చి, గోడకి కుడిచేతి వేళ్ళు ఆనించి, నడవడం మొదలుపెట్టింది. తలుపు దగ్గర గోడ లోపలికి పోతుంది కదా, అక్కడ వేళ్ళు గాలిలో తేలతాయి. మళ్ళీ గోడ. ఆ సందుల్ని లెక్కపెడుతోంది.

ఏడో సందు దగ్గర ఆగి తాళం తీసింది. మెట్లెక్కి వచ్చి రొట్టె బల్ల మీద పెట్టింది.

“బాగుందిరా,” అంది. “దూరం నుంచే తెలుస్తోంది.”

ఆమె కుడిచేతి మూడు వేళ్ళ కొనలు ఏడు గోడల దుమ్ముతో నల్లగా ఉన్నాయి. ఆమెకి అవి కనబడవు. “సంతోషం అక్కా,” అన్నాను.

మధ్యాహ్నం మళ్ళీ మూల దగ్గరికి వెళ్ళాను. పని నేర్చుకున్న మొదటి వారం పెద్దాయన చెప్పింది గుర్తొచ్చింది. రంగు చూసే ముందు కళ్ళు సగం మూసి చూడు, ముదురెంతో లేతెంతో తెలుస్తుంది, రంగు సంగతి తర్వాత. సగం మూశాను. పదకొండు భవనాలూ కరిగి ఒకే ఒక పాలిపోయిన గోడ అయ్యాయి. నీలం లేదు, ఇసుక లేదు. మాది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియలేదు. అరవై రెండు, అరవై ఐదు, అరవై నాలుగు. అక్క ఎప్పుడూ నీలాన్ని చూడలేదు. ఆమె అంచుల్లో రంగులు ఎప్పుడో పోయాయి. ఆమె చూసింది తెల్లటి వరసలో ఒక నల్లటి పన్ను లాంటిదాన్ని. తొమ్మిదిని. ఆకుపచ్చ వలని కూడా అందుకే చూసింది. నేనేమో నలభై రోజులు కూర్చుని, లోకంలో ఒక్క నాలాంటివాడికి మాత్రమే కనిపించే తేడాని తయారుచేసి ఆమెకిచ్చాను.

గుమాస్తా దగ్గరికి వెళ్ళాను. ఏడేళ్ళలోపు మార్చాలంటే ఎలాగని అడిగాను. అతను వింతగా చూశాడు, అంత బాగా కుదిరిన రంగుని ఎందుకు మారుస్తారని. తర్వాత అదే దరఖాస్తు ఇచ్చాడు. చివరి గడి అదే. “కారణం గట్టిదైతే కమిటీ చూస్తుందండీ,” అన్నాడు. కాగితం తెచ్చి సొరుగులో పెట్టాను. రోజుకోసారి సొరుగు తీసేవాణ్ణి. అక్కని అడుగుదామని నోటిదాకా వచ్చేది. అడగాలంటే ఆమెకి కనిపించడం లేదని నాకు తెలుసని చెప్పాలి. ఆమె నా కోసం ఆడిన అబద్ధాన్ని ఆమె చేతిలోంచి లాక్కోవాలి. ఆమె రోజూ వేళ్ళకి దుమ్ముతో వచ్చి బాగుందనేది. నేను సంతోషం అనేవాణ్ణి. ఇద్దరం ఒక దీపం కింద కూర్చున్నంతసేపూ అంతా సరిపోయేది.

రెండు వారాలకి ఒక పొద్దున లెక్క తప్పింది. నాలుగో భవనం ముందు సరుకుల వ్యాను గోడకి ఆనుకుని నిలబడింది. అక్క దాన్ని చుట్టి వచ్చేసరికి ఎన్నో సందులో తెలియక ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ఆ రోజు ఆమె ఇంటికి వచ్చేసరికి తొమ్మిదింపావు. టీ కొట్టు దగ్గర కబుర్లలో పడ్డానంది.

అప్పుడు నాకు నాన్న కోటు గుర్తొచ్చింది. డిపోలో వేసుకునేది, అదే నీలం, మోకాళ్ళ దాకా ఉంటుంది. ట్రంకుపెట్టె అడుగు నుంచి తీశాను. ఆమె వచ్చే వేళకి దాన్ని వేసుకుని, పేపరు పట్టుకుని, మా తలుపు దగ్గర నిలబడదామనుకున్నాను. దగ్గరికి వచ్చాక అయినా ముదురుగా ఏదో ఉందని తెలుస్తుంది. ఇదే మనది అనుకుంటుంది. నేనని తెలియనక్కర్లేదు. మొహాలు ఎలాగూ మరకలోకి పోతాయి.

మర్నాడు ఎనిమిదీ ఇరవైకి కిందికి దిగాను. తలుపుకి తాళం వేసి, ఆ గూటిలో వీపు ఆనించి నిలబడ్డాను. కోటు భుజాల దగ్గర బిగుతుగా ఉంది. ఆడిటరు ఆఫీసు తెరవలేదు. అక్క మూల తిరిగింది. ఆగింది. మొహం ఇటూ అటూ తిప్పింది. నన్ను చూస్తుందనుకున్నాను. ఆమె వెళ్ళి గోడ పట్టుకుంది.

ఒకటి. రెండు. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఇంత దగ్గరగా, ఇంత ఎదురుగా ఆమెని ఈ పనిలో ఎప్పుడూ చూడలేదు. పైనుంచి చూస్తే నడకలా ఉండేది. ఇక్కడినుంచి అది నడక కాదు. మెడ బిగుసుకుని ఉంది. ప్రతి సందు దగ్గరా వేళ్ళు గాలిలో తేలగానే కనురెప్పలు ఒక్కసారి మూసుకుంటున్నాయి. ఐదు. ఆరు. ఆరో తలుపు దాటి మా గోడ మీదకి ఆమె వేళ్ళు వచ్చాయి. నా గోడ మీదకి. లేత నీలం మీద నల్లటి మూడు వేళ్ళు జారుకుంటూ వచ్చి నా కోటు చేతికి తగిలాయి.

ఆమె ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకుంది.

“క్షమించండి,” అంది. “కాస్త జరుగుతారా?”

అరవై రెండేళ్ళలో అక్క నన్ను మీరు అనలేదు. ఆ గొంతు కూడా నేను విన్నది కాదు. పరాయివాళ్ళకి వాడే గొంతు, మెత్తగా, కొంచెం బతిమాలుతున్నట్టు. నోరు విప్పితే గొంతు గుర్తుపడుతుంది. గుర్తుపడితే ఇన్నాళ్ళూ చూస్తున్నానని తెలిసిపోతుంది. ఒక్క అంగుళం లోపలికి ఒదిగాను. ఆమె నన్ను చుట్టి అరడుగు ఎడంగా వెళ్ళి, అవతల మళ్ళీ గోడ పట్టుకుంది.

ఆమె వెతుకుతున్నది సందుని. ఆ సందులో నేను నిలబడి ఉన్నాను.

వేళ్ళు ఎనిమిదో గూటి దగ్గర గాలిలో తేలాయి. అక్క ఆగి, తృప్తిగా తల ఊపి, సంచిలోంచి తాళంచెవి తీసింది. అది పక్క భవనంలోని పళ్ళ డాక్టరు తలుపు. చెవి పెట్టి తిప్పింది. తిరగలేదు. తీసి, వేలితో తాళంచెవి పళ్ళు తడిమి, తిరగేసి పెట్టింది. పదిహేను అడుగుల దూరంలో పేపరు పట్టుకుని నేను నిలబడి ఉన్నాను. పిలవచ్చు. నాలుగు అంగల్లో వెళ్ళి ఇది కాదక్కా అనచ్చు. చేయి పట్టుకోవచ్చు. ఆ ఆఖరిదే నన్ను ఆపింది. చెవి రేకు మీద గీసుకుంటున్న చప్పుడు వింటూ ఉండిపోయాను.

తలుపు లోపలినుంచి తెరుచుకుంది. డాక్టరు దగ్గర పనిచేసే నర్సు, ముందుగా వచ్చి ఊడుస్తోంది కాబోలు, చీపురు పట్టుకుని నిలబడింది. అక్క చేతిలో తాళంచెవిని చూసింది, అక్క మొహాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ పిల్ల మంచిది. గోడకి చీపురు ఆనించి, అక్క మోచేతి కింద చేయి వేసి, మెల్లగా నడిపించుకుని తీసుకొచ్చింది.

“మీ అక్కగారు మా తలుపు తీస్తున్నారు సార్,” అంది నాతో. “ఆవిడకి సరిగ్గా కనిపించదాండీ?”

అక్క అక్కడే ఉంది. ఇద్దరి మధ్యన.

నేను ఏమన్నానో నాకు గుర్తులేదు. ఏదో అన్నాను, ఆ పిల్ల వెళ్ళిపోయింది. అక్క చేయి చాచి కోటు మీద పెట్టింది. ఇందాక తగిలిన చోటే. బొత్తాలు తడిమింది, డిపో పేరు చెక్కిన ఇత్తడి బొత్తాలవి. ఒకటి, రెండు, మూడు. కిందిది ఎప్పుడో ఊడిపోయింది. అది లేదని ఆమె వేళ్ళకి తెలుసు.

“ఎప్పట్నుంచి నిలబడ్డావురా?”

“ఇప్పుడేనక్కా.”

ఆమె నా చెవి పక్కకి చూసింది. కోపం కోసం ఎదురుచూశాను. వచ్చి ఉంటే బాగుండేది. ఎండ గోడ మీదకి ఎక్కుతోంది. నీలం మరింత విచ్చుకుంటోంది. దానిని ఆపడానికి నా దగ్గర ఏమీ లేదు.

“నువ్వే తియ్యి,” అంది అక్క. నా చేయి వెతికి పట్టుకుని, తాళంచెవిని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. తర్వాత తన చేయి నా మోచేతి మీద వేసి, తలుపు తెరవడం కోసం నిలబడింది.